ఒకే బండ, రెండు తీరాలు: డోర్ కౌంటీలో మా వేసవి

ఈ వేసవిలో దూర ప్రయాణాలేవీ పెట్టుకోకూడదని మేము ఏప్రిల్‌లోనే నిర్ణయించుకున్నాం. అమ్మ ఆరు నెలలు మా దగ్గర ఉండేందుకు ఇండియా నుంచి వచ్చింది. డెబ్బై దాటిన మనిషిని మళ్లీ విమానాశ్రయాల వెంట తిప్పడం మాకు ఇష్టం లేకపోయింది. అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని స్టర్జియన్ బేలో కాపురం పెట్టి నాలుగేళ్లయినా, ఎక్కడెక్కడి నుంచో జనం సెలవులు పెట్టుకుని మరీ వచ్చి చూసే ఈ డోర్ ద్వీపకల్పాన్ని మేము ఒక్కసారి కూడా తీరుబడిగా చూడలేదు. అందుకని ఉదయాన్నే పులిహోరో పెరుగన్నమో కట్టుకుని బయలుదేరడం, రోజుకు ఒకటి రెండు చోట్లకు మించి చూడకపోవడం, రాత్రికి ఇంటికి వచ్చి పడుకోవడం అని నియమం పెట్టుకున్నాం. ఇంటి నుంచి ఏ చోటుకైనా కారులో గంటకు మించి పట్టదు.

మొదటి వారంలోనే నాకు ఒక సంగతి అర్థమైంది. ఈ ద్వీపకల్పంలో ఎక్కడికి వెళ్లాలన్నది జాబితా చూసి నిర్ణయించుకోవలసిన విషయం కాదు. అది రాతిని బట్టి, గాలిని బట్టి, ఆ పూట వెలుగును బట్టి నిర్ణయించుకోవలసినది. పశ్చిమాన గ్రీన్ బే అనే అఖాతం, తూర్పున మిషిగన్ సరస్సు ఉండగా, ఈ రెండింటి మధ్య ఈశాన్య దిశగా చొచ్చుకుపోయిన ఈ నేల అంతా నిజానికి ఒక పక్కకు వాలి ఉన్న ఒకే పెద్ద బండ. నలభై కోట్ల ఏళ్లకు పూర్వం ఇక్కడ ఉండిన వెచ్చని లోతులేని సముద్రంలో పగడాలు, గవ్వలు పేరుకుని రాయిగా మారగా ఏర్పడిన డోలమైట్ సున్నపురాయి ఇది. న్యూయార్క్ రాష్ట్రం నుంచి కెనడా మీదుగా విల్లులా వంగి వచ్చే ఈ రాతి వరుసనే నయాగరా ఎస్కార్ప్‌మెంట్ అంటారు. నయాగరా జలపాతం దూకేది కూడా ఈ వరుస మీది నుంచే. ఇక్కడ ఆ బండ పశ్చిమపు అంచు పైకి లేచి ఉంది, తూర్పు అంచు మెల్లగా సరస్సులోకి దిగిపోతుంది. కాబట్టి పశ్చిమ తీరంలో నిటారైన రాతిగోడలు, వాటి కింద లోతుగా లోనికి చొచ్చుకొచ్చిన రేవులు, వాటి మీది నుంచి కనిపించే సూర్యాస్తమయాలు ఉంటాయి. తూర్పు తీరంలో పల్లపు నేల, ఇసుక, చిత్తడి అడవి, పొగమంచు, సూర్యోదయం ఉంటాయి. ఒక తీరం నుంచి రెండో తీరానికి చాలా చోట్ల అరగంట కూడా పట్టదు కాని, ఆ అరగంటలో ఋతువు మారినట్టుంటుంది. జూన్ నెలలో ఒక మధ్యాహ్నం పశ్చిమ తీరంలోని ఫిష్ క్రీక్‌లో చెమటలు పట్టి, తూర్పు తీరంలోని బెయిలీస్ హార్బర్‌కు వెళ్లేసరికి స్వెటర్లు వేసుకున్నాం.

పశ్చిమ తీరంలో ముందుగా చూడవలసినది పెనిన్సులా స్టేట్ పార్క్. 1909లో ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం 3,776 ఎకరాలు. ఒక్క రోజులో చూసేయవచ్చు అనుకుని వెళ్లి, చివరకు నాలుగు రోజులు వెచ్చించాం. మొదటి రోజును అమ్మ కోసం ఈగిల్ టవర్‌కు కేటాయించాం. 1932లో కట్టిన పాత చెక్క బురుజు పుచ్చిపోవడంతో 2015లో దానిని మూసివేసి, ఆ తరువాతి సంవత్సరం తొలగించారు. 2021లో తెరిచిన కొత్త బురుజు ఎత్తు 60 అడుగులు. దాని మెట్ల పక్కనే, చెట్ల కొమ్మల నడుమ నుంచి మెలికలు తిరుగుతూ పైదాకా వెళ్లే 850 అడుగుల వాలు బాటను కూడా కట్టారు. చక్రాల కుర్చీలో ఉన్నవారు సైతం శిఖరం దాకా వెళ్లగలిగేలా ఆ వాలును అమర్చారు. మోకాళ్ల నొప్పులతో మా ఇంటి మేడ మెట్లు ఎక్కడానికే ఇబ్బంది పడే అమ్మ, నడుమ నడుమ ఆగి ఊపిరి తీసుకుంటూ, కొమ్మల్లో పిట్టలను చూసుకుంటూ, ఎవరి చేయీ పట్టుకోకుండా పైకి చేరుకుంది. ఎదురుగా గ్రీన్ బే నీలం, దాని మధ్య గుర్రపు నాడా ఆకారంలో హార్స్‌షూ దీవి, ఆకాశం తేటగా ఉన్నందున దూరాన గీత గీసినట్టు మిషిగన్ రాష్ట్రపు ఒడ్డు కనిపించాయి. “ఇంత సముద్రం ఉంది గాని ఉప్పు వాసన లేదేమే?” అని అమ్మ అడిగింది. ఆ ప్రశ్న ఈ వేసవంతా మా ఇంట్లో సామెతలా నిలిచిపోయింది. ఇలాంటి కట్టడాన్ని తలపెట్టినవారికి, దాని కోసం విరాళాలు ఇచ్చినవారికి నేను మనస్ఫూర్తిగా కృతజ్ఞురాలిని. ప్రకృతిని చూడడానికి వచ్చిన చోట వయసు మళ్లినవారు కారులో కూర్చుని మిగతావారి కోసం ఎదురుచూడడం నేను చాలాసార్లు చూశాను.

ఆ బురుజు దగ్గర నుంచే ఈగిల్ ట్రయిల్ అనే రెండు మైళ్ల చుట్టుబాటను అందుకోవచ్చు. ఇది అమ్మలాంటివారికి తగదు. రాళ్లు, చెట్ల వేర్లు, నిటారు దిగుడు ఉంటాయి. మా వారూ నేనూ పన్నెండేళ్ల మా అమ్మాయిని తీసుకుని మరొక రోజు వెళ్లాం. పైనుంచి చూసినప్పుడు నీటి అందం మాత్రమే తెలుస్తుంది; కిందికి దిగి, 150 అడుగుల ఎత్తున్న ఆ రాతిగోడ పాదం దగ్గర నిలబడినప్పుడే బండ సంగతి తెలుస్తుంది. పొరలు పొరలుగా ఉన్న రాతి నెర్రెలలో నుంచి ఊటలు చెమ్మగా కారుతుంటాయి. మట్టి అన్నది దాదాపు లేని ఆ పగుళ్లలో వేళ్లు దూర్చి, వంకరలు తిరిగి, వందల ఏళ్ల వయసున్న తెల్ల సీడర్ చెట్లు బతుకుతున్నాయి. వాటిలో కొన్ని మా అమ్మాయి చేతి మందాన మాత్రమే ఉన్నాయి. ఆహారం తక్కువైన చోట నెమ్మదిగా పెరగడం వల్లనే అవి అంతకాలం నిలుస్తాయి. ఆ బాటలో నడిచేవారు దయచేసి ఆ చెట్ల కొమ్మలను పట్టుకుని ఊగవద్దు, రాతి మీద ఎక్కి నిలబడవద్దు.

ఇదే పార్కులో 1868లో కట్టిన ఈగిల్ బ్లఫ్ దీపస్తంభం, సైకిల్ మీద తిరగడానికి అనువైన సన్‌సెట్ ట్రయిల్, ఈతకు నికొలే బీచ్ ఉన్నాయి. బీచ్‌లో వారాంతాల్లో రద్దీ ఎక్కువ కనుక మంగళ, బుధవారాల్లో వెళ్లడం మేలు. అయితే సూర్యాస్తమయానికి మాత్రం నేను ఈ పార్కు కంటే ఇంకా ఉత్తరాన ఉన్న ఎల్లిసన్ బ్లఫ్ కౌంటీ పార్కునే ఎంచుకుంటాను. అక్కడ కొండ అంచు నుంచి ముందుకు చాచి కట్టిన వేదిక మీద నిలబడితే, నూరడుగులకు పైబడిన లోతున నీళ్లు, ఎదురుగా పడమటి ఆకాశం తప్ప మరేమీ అడ్డు ఉండదు. జూన్ చివర సూర్యుడు ఎనిమిదిన్నర దాటాక గాని అస్తమించడు. ఆ తరువాత కూడా ఎర్రదనం చాలాసేపు నీటి మీద నిలిచి ఉంటుంది. మేము నాలుగుసార్లు వెళ్లాం, ఏ రెండుసార్లూ ఒకేలా లేదు.

తూర్పు తీరానికి వెళ్లేముందు గాలి ఎటు వీస్తోందో తెలుసుకోవాలి. ఇది మేము అనుభవంతో నేర్చుకున్న పాఠం. వైట్‌ఫిష్ డ్యూన్స్ స్టేట్ పార్కు ఇసుక తీరంలో జూలై మొదట్లో ఒక రోజు పిల్లలు గంటల తరబడి నీళ్లలో ఆడారు. రెండు రోజుల తరువాత అంతకంటే ఎండగా ఉందని మళ్లీ వెళ్తే, చీలమండ దాకా కాలు పెట్టినవారు పెట్టినట్టే వెనక్కి వచ్చారు. కారణం తరువాత తెలిసింది. నైరుతి నుంచి గాలి బలంగా వీచినప్పుడు అది ఒడ్డున వెచ్చబడిన పైపొర నీటిని సరస్సు నడుమకు తోసేస్తుంది. ఆ ఖాళీని నింపడానికి అడుగున ఉన్న చల్లని నీరు పైకి వస్తుంది. మిషిగన్ సరస్సు లోతు గరిష్ఠంగా 923 అడుగులు. అంత లోతున్న నీటికి ఎండాకాలం వచ్చిందన్న వార్త పైపొర దాటి చేరదు. గ్రీన్ బే వైపు నీరు లోతు తక్కువ కనుక త్వరగా వేడెక్కుతుంది. చిన్నపిల్లలకు ఈతకు ఆ వైపే మంచిది. వైట్‌ఫిష్ డ్యూన్స్‌లో మరో ప్రమాదం కూడా ఉంది: అలలు ఎక్కువగా ఉన్న రోజున ఒడ్డు నుంచి లోపలికి ఈడ్చుకుపోయే రిప్ ప్రవాహాలు ఏర్పడతాయి. చూడడానికి సరస్సే అయినా అలల విషయంలో దీనిని సముద్రంగానే ఎంచాలి.

ఈత సంగతి పక్కన పెడితే, ఆ పార్కులోని ఇసుక దిబ్బలు నాకు ఎంతో ప్రియమైనవి. వాటిలో ఎత్తైనదైన ఓల్డ్ బాల్డీ సరస్సు మట్టానికి 93 అడుగుల పైన ఉంది. దాని మీదికి చెక్క మెట్లున్నాయి. నీటి అంచున వట్టి ఇసుక, కొంచెం వెనుక గడ్డి, ఇంకా వెనుక పొదలు, ఆపైన దట్టమైన అడవి వరుసగా కనిపిస్తాయి. ఇసుక అడవిగా మారడానికి పట్టిన శతాబ్దాలను పది నిమిషాల్లో నడిచి దాటుతాం. ఆ ఇసుకలోనే అరుదైన పిచర్ ముళ్ల మొక్క పెరుగుతుంది. అది ఏళ్ల తరబడి ఆకులతో ఉండి, బతుకులో ఒక్కసారే పూచి చనిపోతుంది. బాట దిగి నడవవద్దని అక్కడ పెట్టిన బోర్డుల వెనుక ఉన్న కారణాల్లో అదొకటి.

వైట్‌ఫిష్ డ్యూన్స్‌ను ఆనుకునే కేవ్ పాయింట్ ఉంది. స్టేట్ పార్కుల్లోకి కారుకు ప్రవేశ స్టిక్కరు కొనాలి కాని, కేవ్ పాయింట్ కౌంటీ పార్కు గనుక అక్కడ రుసుము లేదు. అందువల్లనే పది గంటలకల్లా అక్కడ కారు నిలిపే చోటు దొరకదు. స్టిక్కరు ఉన్నవారు వైట్‌ఫిష్ డ్యూన్స్‌లో కారు ఉంచి, అడవి బాట వెంట నడిచి రావడం హాయిగా ఉంటుంది. ఆ బాటలో రాతి మీద పాత సముద్రపు గవ్వల, పగడాల ముద్రలు కనిపిస్తాయి. అమ్మ ఒక బండ మీద కూర్చుని తేనెపట్టు గళ్లలాంటి పగడపు ముద్రను వేలితో తడుముతూ, “అయితే ఒకప్పుడు ఉప్పు వాసన ఉండేదన్నమాట” అంది. కేవ్ పాయింట్ దగ్గర పల్లపు రాతి ఒడ్డు నేరుగా నీటిలోకి తెగి ఉంటుంది. అలలు దాని అడుగును తొలుచుకుంటూ గుహలు చేశాయి. గాలి తూర్పు నుంచో ఈశాన్యం నుంచో వీచే రోజున అల గుహలోకి దూరి, లోపలి గాలిని నొక్కి, ఫిరంగి పేల్చినట్టు మోగి, చెట్ల ఎత్తుకు ఎగసి పడుతుందట. మేము అమ్మను తీసుకెళ్లిన రోజున మాత్రం నీరు అద్దంలా నిలిచి ఉంది. లేత ఆకుపచ్చ నీటిలో అడుగున ఉన్న రాతి పలకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేలా కనిపించాయి. నాకది కూడా అందంగానే తోచింది కాని, అమ్మకు మాత్రం ఆ మోత వినాలనే కోరిక మిగిలిపోయింది.

ఈ ద్వీపకల్పంలో ఒక్క చోటే చూసే వ్యవధి ఉందని ఎవరైనా అంటే, నేను బెయిలీస్ హార్బర్‌లోని రిడ్జెస్ శాంక్చువరీకి వెళ్లమంటాను. ఇది కొండ మీది నుంచి కనిపించే గొప్ప దృశ్యం కాదు, ఫొటోలో పట్టేది కూడా కాదు. సరస్సు నీరు వెనక్కి తగ్గినప్పుడల్లా ఒడ్డున ఒక ఇసుక గట్టు మిగిలిపోయింది. అలా శతాబ్దాల తరబడి ఒకదాని ముందు ఒకటి ఏర్పడిన ముప్పై దాకా గట్లు, వాటి మధ్య పల్లాల్లో నిలిచిన చిత్తడి, దున్నిన చాళ్లలా సమాంతరంగా సాగుతాయి. చెక్క బాట మీద నడుస్తుంటే పది అడుగులకు ఒకసారి లోకం మారుతుంది: గట్టు మీద పొడి నేల, స్ప్రూస్ చెట్లు, నాచు, పల్లంలో నల్లని నీరు, రెల్లు, కప్పలు. సరస్సు ఒడ్డును చల్లగా ఉంచడం వల్ల ఇంకా ఎంతో ఉత్తరాన పెరగవలసిన మొక్కలు ఇక్కడ నిలదొక్కుకున్నాయి. పాతికకు పైగా జాతుల ఆర్కిడ్లు ఇక్కడ సహజంగా పూస్తాయి. మేము జూన్ మొదటి వారంలో వెళ్లినప్పుడు బెత్తెడు ఎత్తు కూడా లేని నీలి ఐరిస్ పూలు గట్ల మీద పరుచుకుని ఉన్నాయి. ఈ ఐరిస్ ప్రపంచంలో మిషిగన్ మొదలైన ఈ మహా సరస్సుల ఒడ్డున తప్ప మరెక్కడా పెరగదు. నెలాఖరులో మళ్లీ వెళ్తే చెప్పులాంటి ఆకారంలో గులాబీ, తెలుపు రంగులు కలిసిన లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్లు కనిపించాయి. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న హైన్స్ ఎమరాల్డ్ అనే ఆకుపచ్చ కళ్ల తూనీగకు కూడా ఈ చిత్తడులు నివాసం. దాని పిల్లపురుగులు చిన్న రొయ్యల్లాంటి క్రేఫిష్‌లు తవ్విన బొరియల్లో తలదాచుకుని, నీరు ఎండిన రోజులను గడుపుతాయి.

ఈ చోటు మిగిలి ఉండడమే ఒక విశేషం. 1937లో ఇక్కడి నేలను ట్రైలర్ బళ్ల విడిదిగా మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ ఫుల్లర్, స్థానికురాలు ఎమ్మా టాఫ్ట్, ఉద్యానశిల్పి యెన్స్ యెన్సెన్ మొదలైనవారు పూనుకుని, ఊరివారిని ఒప్పించి, సంఘంగా ఏర్పడి దీనిని కాపాడారు. 1869లో కట్టిన రెండు చిన్న దీపగృహాలు నేటికీ ఆ అడవి నడుమ ఒకదాని వెనుక ఒకటి నిలిచి ఉన్నాయి. ఓడ మీది నుంచి చూసినప్పుడు రెండు దీపాలూ ఒకదానిపై ఒకటి ఉన్నట్టు కనిపిస్తే దారి సరిగా ఉన్నట్టు లెక్క.

దీపస్తంభం ఎక్కాలన్న ఉత్సాహం ఉన్నవారికి ఆ దగ్గరలోనే కేనా దీవి ఉంది. 1869లో కట్టిన ఆ స్తంభం ఎత్తు 89 అడుగులు, మెట్లు 97. ఇటుక కట్టడం తుపానులకు అరిగిపోతుండడంతో 1902లో దానికి ఉక్కు తొడుగు వేశారు. దీవికి రాళ్లు పరిచిన దారి ఉంది, నీరు ఎక్కువగా ఉన్న రోజుల్లో ట్రాక్టరు బండిలో దాటిస్తారు.

కొనకు చేరేకొద్దీ ఊళ్లు పలచబడతాయి. అక్కడి న్యూపోర్ట్ స్టేట్ పార్కుకు పగలు నడవడానికి వెళ్లవచ్చు కాని, మేము రాత్రి కోసం వెళ్లాం. 2017లో దీనికి అంతర్జాతీయ చీకటి ఆకాశ పార్కుగా గుర్తింపు లభించింది. ఆగస్టు రెండో వారంలో, చంద్రుడు లేని రాత్రి, ఒడ్డున దుప్పటి పరుచుకుని పడుకున్నాం. ఇరవై నిమిషాలకు కళ్లు చీకటికి అలవాటు పడ్డాక పాలపుంత సరస్సు అంచు దాకా దిగి వచ్చింది. అమ్మ తన చిన్నతనంలో ఆరుబయట మంచాల మీద పడుకుని సప్తర్షులను, పిల్లల కోడిని గుర్తుపట్టిన సంగతులు మా అమ్మాయికి చెప్పింది. అమ్మాయి ఆకాశంలో వాటి కోసం వెతకడం, ఆ మాటలు ఆ చీకటిలో వినిపించడం నాకు ఈ వేసవిలో దొరికిన అన్నిటికంటే విలువైనవి. అక్కడికి వెళ్లేవారు ఎర్ర కాగితం చుట్టిన టార్చి తీసుకెళ్లండి, ఫోను వెలుగు వేయకండి.

కొన దాటితే వాషింగ్టన్ దీవి. నార్త్‌పోర్ట్ రేవు నుంచి కారుతో సహా ఫెర్రీలో అరగంట. ఆ జలసంధిని ఫ్రెంచివారు మృత్యుద్వారం అన్నారు. ఈ కౌంటీకి డోర్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. ప్రవాహాలు, తటాలున మారే గాలులు, నీటి కింద దాగిన రాతి మిట్టలు కలిసి ఆ దారిలో ఎన్నో ఓడలను ముంచాయి. మేము దాటిన ఉదయం నీరు శాంతంగా ఉంది. దీవిలో స్కూల్‌హౌస్ బీచ్ చూడడం మా ఉద్దేశం. అక్కడ ఇసుక ఉండదు, ఒడ్డు పొడవునా తెల్లని నున్నని గులకరాళ్లే ఉంటాయి. అల వెనక్కి వెళ్లేటప్పుడు ఆ రాళ్లు ఒకదానితో ఒకటి ఒరుసుకుని చేసే గలగల ధ్వని వినడానికే గంటసేపు కూర్చోవచ్చు. రాళ్లు తీసుకెళ్లడం నిషేధం, తీసుకెళ్లినవారికి జరిమానా వేస్తారు. అమ్మ అరచేతిలో పట్టే ఒక రాయిని వెళ్లేదాకా పట్టుకుని కూర్చుని, చివరికి తీసిన చోటనే పెట్టి వచ్చింది. అక్కడి నుంచి మరో చిన్న ఫెర్రీలో కార్లు లేని రాక్ దీవికి వెళ్లి, 1858 నాటి పొటావటోమీ దీపస్తంభాన్ని కూడా చూడవచ్చు. అయితే రెండు దీవులనూ ఒకే రోజు పెట్టుకుంటే పరుగులు తప్పవు.

పిల్లలున్నవారు జూలై మూడో వారం ప్రాంతంలో చెర్రీ తోటలను మరచిపోవద్దు. మనమే కోసుకోనిచ్చే తోటలు చాలా ఉన్నాయి. వసంతంలో చల్లని సరస్సు పూతను ఆలస్యం చేసి మంచు బారి నుంచి కాపాడడం, బండ మీది పలుచని నేలలో నీరు నిలవకపోవడం ఆ చెట్లకు కలిసి వచ్చాయి. ఇక్కడి మాంట్‌మొరెన్సీ చెర్రీ పుల్లనిది. అమ్మ దానితో పెట్టిన పచ్చడి సీసా ఇప్పటికే సగమైంది.

జాగ్రత్తల విషయంలో ఒక్క మాట. గడ్డిలో నడిచి వచ్చాక పిల్లల మెడ వెనుక, మోకాళ్ల వెనుక పిడుదులు ఉన్నాయేమో తప్పక చూడండి. వాటి కాటుతో వచ్చే లైమ్ వ్యాధి ఈ రాష్ట్రంలో సాధారణం. మూడేసి ఆకులుగా ఉండి, తాకితే ఒంటి మీద దురద, దద్దుర్లు తెప్పించే పాయిజన్ ఐవీ మొక్క బాటల అంచున విరివిగా పెరుగుతుంది.

ఏ రోజైనా ఎక్కడికీ వెళ్లాలనిపించకపోతే మేము మా ఊరి కాలువ గట్టుకే వెళ్తాం. అఖాతాన్ని సరస్సుతో కలుపుతూ 1880ల ఆరంభానికి తవ్విన ఆ కాలువ వల్ల, నిజానికి దానికి ఉత్తరాన ఉన్న నేలంతా చుట్టూ నీరున్న దీవే అయింది. కాలువ చివర గట్టు మీద ఎర్రని దీపగృహం ఉంది. నిన్న సాయంత్రం అక్కడ నిలబడి ఉండగానే గాలి మారింది. ఇంటికి వచ్చి చూస్తే రేపు ఈశాన్యం నుంచి బలమైన గాలులు వీస్తాయని వాతావరణ సూచన వచ్చింది. అలలు ఎక్కువగా ఉంటే అంచుకు దూరంగా నిలబడాలని అమ్మకు రెండుసార్లు చెప్పాను. ఆమె మాత్రం కేవ్ పాయింట్‌కు ఎన్నింటికి బయలుదేరాలో కనుక్కుని, శాలువా, బూట్లు తలుపు పక్కన పెట్టుకుని పడుకుంది.